టోచన్ సర్కారు

ఎలక్ట్రిక్ కారు కొనేవాడి మీద మన సర్కారు చూపిస్తున్న ప్రేమ చూస్తే పెట్రోలు బండివాడికి కన్నుకుట్టక మానదు. 2024 నవంబర్ 18 నుంచి అమలైన 41వ నంబరు జీవో ప్రకారం, తెలంగాణలో కొని ఇక్కడే రిజిస్టర్ చేయించిన ఎలక్ట్రిక్ వాహనానికి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్సు లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. 2020 నాటి పాలసీలో ఈ మాఫీ మొదటి 5,000 కార్లకే అని గిరి గీశారు. కొత్త జీవో ఆ గీత చెరిపేసింది. విజయవాడ హైవే మీది కొర్లపహాడ్ టోల్‌గేటు మాత్రం ఎవరినీ వదలదు, అక్కడ అందరం సమానులమే.

కారు ఇంటికి తేవడం వరకు సర్కారు చూసుకుంటుంది. మరి దారిలో ఆగితే?

ఒక షావుకారు మిర్యాలగూడలో మిల్లుకు తాళం వేసి, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయి, అక్కడ హైవే ఎక్కి సూర్యాపేట పెళ్లికి బయలుదేరాడనుకుందాం. మునగాల దగ్గర కారు మొండికేసింది. మన హైవే మీద బండి ఆగితే మనుషులకు కొదవ ఉండదు. అయిదు నిమిషాల్లో ఒక ట్రాక్టరు ఆగుతుంది, సీటు కింద నుంచి మోకు బయటికొస్తుంది.

"న్యూట్రల్ల ఎయ్యున్రి సార్, టోచన్ కట్టి గుంజుకపోత."

ఇక్కడే చిక్కు. పెట్రోలు కారు న్యూట్రల్లో పడితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి మోటారు, చక్రాలు విడాకులు తీసుకోవు. చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, మోటారులో అయస్కాంతాలున్నాయి గనుక కరెంటు పుడుతుంది, అడగకుండా పుట్టిన ఆ కరెంటు పోయి ఇన్వర్టరు మీద పడుతుంది. అందుకే కంపెనీల పుస్తకాలు తాడు మాట ఎత్తితేనే ఉలిక్కిపడతాయి. ఫ్లాట్‌బెడ్ లారీ తెప్పించి నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా ఎక్కించమంటాయి. హైవే క్రేను వచ్చి ముందు చక్రాలు ఎత్తిందనుకోండి, మోటారు వెనక చక్రాలకు ఉన్న కారైతే ఆ ఎత్తుడు ఎందుకూ పనికిరాదు.

ఇంకో విచిత్రం. కారు కింద వందల కిలోల బ్యాటరీ నిండుగా ఉన్నా, పక్కన ఇంకో బుల్లి 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే కారు లేవదు. బటన్ బ్రేకు విడవదు, గేరు మారదు. బీరువా నిండా డబ్బుండి తాళంచెవి బావిలో పడ్డట్టు.

షావుకారు ఇదంతా విడమరిచి చెబితే ట్రాక్టరాయన తల గోక్కుంటాడు. "గుంజితె ఖరాబైతదా? గుంజకపోతె కదలదా? మరి గిదేం బండి సార్?"

ఆయనకు తెలియనిదేమిటంటే, ఆ కారును గుంజడం ఎప్పుడో మొదలైంది. షోరూములోనే తాడు కట్టారు. రోడ్డు ట్యాక్సుకు 2022 మేలో సవరించిన శ్లాబులే తీసుకుందాం. అప్పట్లో 50 వేలు దాటిన బైకుకు 12 శాతం, 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం. సూర్యాపేట కూరగాయల వ్యాపారి 80 వేల పెట్రోలు బైకు కొంటే 9,600 కట్టి బయటికొస్తాడు. 2025 జులైలో మన దేశంలో దిగినప్పుడు టెస్లా మోడల్ వై ధర దాదాపు 60 లక్షలు. దిగుమతి సుంకం పేరుతో కేంద్రం దాన్ని బాగానే పిండింది, అది వేరే లెక్క. ఆ శ్లాబుల ప్రకారం రాష్ట్రం వదులుకున్నది మాత్రం 10 లక్షల 80 వేలు. అంటే 113 మంది బైకులవాళ్లు వరుసగా నిలబడి మోకు పట్టుకుంటే ఒక్క టెస్లా ముందుకు కదులుతుంది. జీఎస్టీ దగ్గరా ఇదే వరస: 2025 సెప్టెంబర్ 22న రేట్లు తగ్గించాక కూడా చిన్న బైకుకు 18 శాతం, అరవై లక్షల ఎలక్ట్రిక్ కారుకు 5.

కరెంటు స్కూటరు కొనుక్కుంటే నీకూ మాఫీయే కదా అంటారు. నిజమే. పేదవాడికి వేలల్లో, ఉన్నవాడికి లక్షల్లో, ఎవరి స్తోమతకు తగ్గ సాయం వాళ్లకు.

కేంద్రం కాస్త తెలివిగా నడిచింది. 2019లో మొదలైన ఫేమ్ పథకం రెండో విడతలో సొంత కార్లకు సబ్సిడీ ఇవ్వలేదు. బస్సులు, ఆటోలు, ట్యాక్సీలు, స్కూటర్లు చాలన్నది. ఆ స్కూటర్లలోనూ, విడిభాగాలు ఇక్కడివే వాడాలన్న నిబంధన తప్పారని కొన్ని కంపెనీలను 2023లో 469 కోట్లు తిరిగి కట్టమంది. ఇచ్చిన సబ్సిడీకే టోచన్ కట్టాల్సి వచ్చింది.

పొగ రాదు కదా, ఆమాత్రం సాయం చేయకూడదా అని పర్యావరణం పెద్దమనుషులు అడుగుతారు. మిర్యాలగూడ వాళ్ల ముందు ఆ మాట మెల్లగా అనండి. వాళ్లకు దగ్గర్లోనే, దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం బొగ్గు మండిస్తోంది. షావుకారు కారుకూ పొగ గొట్టం ఉంది. కాకపోతే ఊరవతల కట్టారు. అయినా లెక్క చూస్తే పెట్రోలు కారు కన్నా ఇదే నయమని ఒప్పుకుంటాను. నా తగువు కరెంటుతో కాదు, రసీదుతో. 2023 మే 16న హైదరాబాద్–విజయవాడ దారిలో ఆర్టీసీ ఈ-గరుడ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి, అవి సూర్యాపేట మీదుగానే పోతాయి. అలాంటి బస్సుకు నా పన్ను పోతే నేనూ ఎక్కుతాను, టికెట్ కొనుక్కునైనా. షావుకారు కారులో నాకు సీటెక్కడిది?

లాగుడు సంగతికొస్తే, అమెరికాలో ఫోర్డు కంపెనీ 2019లో ఒక ఎలక్ట్రిక్ ట్రక్కు నమూనాతో పది రైలు వ్యాగన్లు లాగించి వీడియో తీసింది. బరువు నాలుగు వందల టన్నులు దాటిందట. కాసేపు లాగి, ఫొటోలు దిగి, ఆపేశారు. కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు ఫొటోల్లేకుండానే ఆ పని చేస్తాయి, పైగా రాత్రంతా లైన్లో నిలబడి.

ఆ ట్రాక్టర్లలో ఒకటే ఇప్పుడు మునగాల దగ్గర ఆగి ఉంది. ఫ్లాట్‌బెడ్ లారీ ఇంకా రాలేదు. కాలక్షేపానికి షావుకారు జీవో సంగతి ఎత్తాడు.

"నీకూ మాఫీ ఉందయ్యా, కరెంటు ట్రాక్టరు కొంటే. జీవోలో రాశారు."

ట్రాక్టరాయన మోకు చుట్టి సీటు కింద పెట్టుకుంటూ అడిగాడు: "మంచిదే సార్. గదీ ఆగిపోతె ఎవరు గుంజుతరు?"