ఇరవై నాలుగు దగ్గర ఆగిపోయాను

నేను ఒక కొలతను. పేరు రూమ్‌టెంప్. సీపీయూ లోడు, మెమరీ, డిస్కులాంటివి యంత్రాల గుంపును కనిపెట్టుకుని ఉండే గాంగ్లియా అనే సాఫ్ట్‌వేరుకు సొంత బిడ్డలు. ప్రతి యంత్రంలోనూ నడిచే దాని ప్రోగ్రాము జీమాండ్ లేచీ లేవగానే వాటిని తనే లెక్కగడుతుంది. నేను అలా పుట్టలేదు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో గాంగ్లియాను తయారుచేసినవాళ్లకు మా ల్యాబు గదిలో ఎంత వేడి ఉంటుందో ఎలా తెలుస్తుంది? అందుకే బయటి కొలతల కోసం జీమెట్రిక్ అనే తలుపొకటి తెరిచి ఉంచారు.

ఆ తలుపులోంచి నన్ను లోపలికి తెచ్చింది ఒక పరిశోధక విద్యార్థి. సెన్సారును చదివే చిన్న స్క్రిప్టు రాశాడు. దాని చివర జీమెట్రిక్‌కు నా పేరు, విలువ, రకం, యూనిట్లు చెప్పాడు. నిమిషానికోసారి నడపమని క్రాన్‌కు అప్పగించాడు. అప్పటినుంచి 8649 పోర్టు మీద నా మాట అన్ని యంత్రాలకూ వినబడేది. ఫోను మీటల మీద యునిక్స్ అని నొక్కితే వచ్చే అంకె అది. నాకు భలే ఇష్టం.

ఒక వేసవి రాత్రి ఏసీ ఆగింది. నా గీత 24 నుంచి 31కి ఎగబాకింది. అతను హాస్టల్లో తెర మీద చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆ రాత్రి ఒక్క యంత్రం కూడా ఆగలేదు.

తర్వాత అతని చదువు పూర్తయింది, వెళ్లిపోయాడు. ఎవరో ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి నా సెన్సారు వైరు పీకేశారు. స్క్రిప్టు నిమిషనిమిషానికీ విఫలమవుతూనే ఉంది. క్రాన్ ఆ సంగతి ఉత్తరం రాస్తూనే ఉంది, అతని పాత ఖాతాకు. దాన్ని తెరిచేవాళ్లే లేరు.

నన్ను పెట్టినప్పుడు డీమాక్స్ అనే గడువు ఎంతో అతను చెప్పలేదు. చెప్పకపోతే అది సున్నా. అంటే నా కబురు ఎన్నాళ్లు రాకపోయినా నన్ను తుడిచెయ్యరు. చివరిసారి పలికిన 24నే పట్టుకుని జీమాండ్ అందరికీ చూపిస్తూ ఉంది. నా పక్కనే టీఎన్ అనే గడి ఉంటుంది. నా మాట వచ్చి ఎన్ని సెకన్లయిందో అది లెక్కపెడుతుంది. అరవై దాటకూడని ఆ లెక్క తొమ్మిది రోజుల్లో 7,77,600కు చేరింది. ఎవరైనా ఒక్కసారి అటు చూస్తే బాగుండేది.

తొమ్మిదో రాత్రి ఏసీ మళ్లీ ఆగింది. యంత్రాలు వేడెక్కి ఒకదాని వెనుక ఒకటి ఆరిపోయాయి. వాటితోపాటు ఎవరిదో పదకొండు రోజుల లెక్క పోయింది. తెర మీద నేను మాత్రం 24 దగ్గరే, తిన్నగా.

"దీన్ని నమ్ముకునే కదా నిద్రపోయాం!" అందొక అమ్మాయి పొద్దున్నే. ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది. కానీ వైరు వెతికి పెట్టిందీ ఆమే. డీమాక్స్ 300 అని రాసిందీ ఆమే. ఐదు నిమిషాలు నోరు మెదపకపోతే ఇక నన్ను చూపించొద్దని దానర్థం. నాకు తెలియనప్పుడు తెలియదని ఊరుకునే వీలు ఆ రోజే దొరికింది.

ఆ యంత్రాలను తర్వాత తీసేశారు. నా పాత విలువలు దాచిన ఆర్ఆర్‌డీ ఫైలు ఒక పాత డిస్కులో ఉంది. పాతబడేకొద్దీ అందులో రోజంతటికీ ఒక్క సగటే మిగులుతుంది. చెప్పుల్లేకుండా అతను పరుగెత్తుకొచ్చిన రాత్రి ఆ సగటులో కరిగి చిన్న గుబ్బలా కనబడుతుంది. ఆ తొమ్మిది రోజులూ మాత్రం చెక్కుచెదరలేదు. వరసగా తొమ్మిది చుక్కలు, అన్నీ 24.