వంటింటి కాటా ఆత్మకథ

తన కథ తానే చెప్పుకుంటున్న ఈ కాటా వంటింటి గట్టు మీద ఉండే చిన్న డిజిటల్ తూనిక యంత్రం. ఐదు కిలోల దాకా తూస్తుంది, గ్రాము తేడా వచ్చినా చూపిస్తుంది. పిండి, పంచదార కొలిచి వండేవాళ్ల కోసం పుట్టిన జాతి ఇది. పారేసే కూడును తూయడం తర్వాత దక్కిన పని. తన పుట్టుకకు సార్థకత ఆ రెండో పనిలోనే ఉందని ఈ కాటా నమ్మకం.

దీని పళ్లెం కింద ఒక అల్యూమినియం కడ్డీ ఉంది. బరువు పడగానే అది కంటికి ఆననంతగా వంగుతుంది. కడ్డీకి అతికించిన పల్చని లోహపు రేకు ఆ వంపుతో సాగి, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పే తెర మీద అంకె అవుతుంది. స్ట్రెయిన్ గేజ్ అనే ఈ సాధనాన్ని తొలుత సన్నని తీగ రూపంలో 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఎవరికి వారుగా కనిపెట్టారు. ఖాళీ గిన్నె పెట్టి టేర్ మీట నొక్కితే గిన్నె బరువు లెక్కలోంచి పోతుంది. మిగిలిన కూరను గిన్నెతో సహా తూయగలగడం ఈ మీట చలవే.

ఇంటి చెత్తను శాస్త్రంగా చదవడం ఈ కాటా పుట్టకముందే మొదలైంది. 1973లో అరిజోనా విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రవేత్త విలియం రాత్జే టూసాన్ నగరంలోని ఇళ్ల చెత్తను విద్యార్థుల చేత విప్పించి, వేరు చేయించి, తూయించారు. జనం నోటితో చెప్పినదానికీ చెత్తలో దొరికినదానికీ పొంతన కుదరలేదు. అప్పట్లో అమెరికాలో గొడ్డుమాంసానికి కొరత వచ్చింది. విచిత్రంగా ఆ కరువు రోజుల్లోనే మాంసం వృథా పెరిగినట్టు తేలింది. దొరికినప్పుడే కొని పెట్టుకుందామన్న ఆత్రమే దానికి కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. కానీ అది ఊహే. ఎంత పారేశారో చెత్త సంచి చెబుతుంది, ఎందుకు పారేశారో చెప్పదు.

ఆ ఎందుకు అన్నది ఇంటివాళ్లకే తెలుసు. అందుకే వాళ్లనే పరిశోధకులను చేసే సిటిజన్ సైన్స్ ఇక్కడ అవసరమైంది. 2012లో బ్రిటన్‌లో, వృథా తగ్గింపు కోసం పనిచేసే రాప్ సంస్థ దాదాపు 950 కుటుంబాల చేత వారం పాటు వంటింటి డైరీలు రాయించింది. ఏం పారేశారు, ఎంత, ఏ కారణంగా అన్నవి అందులో నమోదయ్యాయి. సింకులో పారబోసిన పాలూ టీ చెత్తబండికి ఎప్పటికీ చేరవు గనుక వాటి లెక్క ఇలాంటి డైరీలోనే దొరుకుతుంది.

డైరీకి లోపాలూ ఉన్నాయి. మనుషులు మరిచిపోతారు. తూస్తున్నామన్న ఎరుకతో ఆ వారం జాగ్రత్తగా వండుతారు. పైగా ముందుకు వచ్చేవాళ్లలో వృథా గురించి ముందే ఆలోచించేవాళ్లు ఎక్కువ. అందువల్ల చెత్తను నేరుగా వేరుచేసి తూసిన లెక్క కంటే డైరీ లెక్క సాధారణంగా తక్కువ వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

తెలుగువారి వంటింట్లో కాటాకు కొన్ని ప్రత్యేక చిక్కులు ఎదురవుతాయి. మామిడి టెంక, మునక్కాయ పిప్పి, చింతపండు తుక్కు తినలేనివి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఆహార వృథాలో వాటినీ కలుపుతుంది. అందుకని తినదగినవాటి నుంచి విడిగా తూసి రాస్తేనే ఏది తగ్గించగలమో తెలుస్తుంది. పెరట్లో ఎరువుగా వేసినది కూడా ఆ లెక్కలో వృథాయే. గేదెకు కుడితిగా పోసినది మాత్రం కాదు. ఎక్కడికి పోయిందన్న గడి లేని డైరీ ఈ తేడాను పట్టలేదు. అన్నంలో నీటి బరువు ఎక్కువ. పావుకిలో అన్నం పారేస్తే పోయిన బియ్యం సుమారు వంద గ్రాములు. కనుక వండినదా, పచ్చిదా అని పక్కనే రాయాలి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేసింది. అందులో 60 శాతం ఇళ్లదే. భారతీయ ఇళ్లలో తలకు ఏడాదికి 55 కిలోలని అంచనా. 2030 నాటికి ఇళ్లలో, దుకాణాల్లో తలసరి వృథాను సగానికి తగ్గించాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. సగం అయిందో లేదో తెలియాలంటే మొదటి లెక్క నిజంగా తూసినదై ఉండాలి.

ఒక్క ఇంటి వారం లెక్క పెద్దగా ఏమీ చెప్పదు. పండుగ వారం, బంధువులు వచ్చిన వారం, పిల్లలకు జ్వరం వచ్చిన వారం వేర్వేరుగా ఉంటాయి. అనేక ఇళ్లు ఒకే పద్ధతిలో వేర్వేరు కాలాల్లో తూసి, ఇంట్లో ఎందరు తిన్నారో రాసి ఇస్తేనే మనిషికి వారానికి ఎన్ని గ్రాములన్న సగటు వస్తుంది. నెలల తర్వాత అవే ఇళ్లు మళ్లీ తూసేటప్పుడు కొత్త బ్యాటరీ వేసి, బరువు తెలిసిన వస్తువుతో తమ కాటాను ముందుగా సరిచూసుకోవాలి.