జవాబు సి... ప్రశ్న ఏదైనా సరే!

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగండి. చేతిలో కరపత్రం పడుతుంది. వద్దంటే జేబులో దోపుతారు. పదడుగులు వేసేలోగా ఇంకో నాలుగు. 'ముప్పై రోజుల్లో క్లౌడ్ ఇంజినీర్!' 'సీసీఎన్‌ఏ పాస్ గ్యారంటీ!' 'నూరు శాతం ప్లేస్‌మెంట్!' ఆ చివరిదాని పక్కనే, భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాల్లో 'అసిస్టెన్స్'. మైత్రీవనం నుంచి పాత సత్యం థియేటర్ దాకా (అది మల్టీప్లెక్స్ అయింది లెండి, సినిమా మాత్రం వీధి పొడుగునా ఆడుతూనే ఉంది) ఏ గోడ చూసినా కాబోయే ఇంజినీర్లే. ఇంతమంది తయారవుతుంటే, మీ ఆఫీసులో నెట్ పోయిన రోజు ఒక్కడూ దొరకడేం?

ముందు ఆ క్లౌడ్ సంగతి చూద్దాం. అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ అని ఓ పరీక్ష. 65 ప్రశ్నలు, 90 నిమిషాలు, 100 డాలర్లు. అందులో 15 ప్రశ్నలకు మార్కులే ఉండవు. రేపటి పరీక్షకు పనికొస్తాయో లేదో చూసుకోడానికి అమెజాన్ కలిపిన ప్రశ్నలవి. డబ్బు కట్టేది మనం, పరీక్షించుకునేది వాళ్లు. సరే, పోనిద్దాం. ఇంతకీ ఈ పరీక్ష ఎవరికి? ఆ మాట అమెజానే పరీక్ష గైడులో రాసిపెట్టింది. కోడింగ్ రానక్కర్లేదు. ఆర్కిటెక్చర్ డిజైన్ రానక్కర్లేదు. ట్రబుల్‌షూటింగ్ రానక్కర్లేదు. క్లౌడ్ అంటే ఏమిటి, బిల్లు ఎలా పడుతుంది, ఏ సర్వీసు దేనికి? ఇంతవరకు తెలిస్తే చాలు. 'ఇది ఇంజినీర్లను తేల్చే పరీక్ష కాదు మహాప్రభో' అని కంపెనీయే చెప్పేసింది. మన ఫ్లెక్సీకి ఆ గైడు చదివే ఓపిక ఏదీ? చదివితే ఫీజెవడు కడతాడు?

ఇంకో ముచ్చట. ఆ పరీక్షకు కావాల్సిన పాఠాలు అమెజాన్ తన సొంత సైట్లో ఉచితంగా పెట్టింది. మైక్రోసాఫ్ట్ తన పాఠాలు ఉచితంగా పెట్టింది. సిస్కో వాడు ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా ఇస్తాడు. రౌటర్లు, స్విచ్‌లు తెర మీదే పేర్చుకుని, తీగలు కలుపుకుని, చెడగొట్టుకుని, బాగుచేసుకోవచ్చు. ఉచితంగా దొరికే సరుకుని వేలకు వేలు పోసి కొంటున్నది ఎవరు? ఎస్సార్ నగర్ హాస్టల్లో ఫైవ్ షేరింగ్ గదిలో, ఐదో మంచం మీద పడుకునే పిల్లాడు. ఫీజు మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ అదనం. రసీదు అడిగితే మాత్రం ఇన్‌స్టిట్యూట్ మేడమ్ గారు అదోలా చూస్తారు.

ఇక సీసీఎన్‌ఏ, అంటే సిస్కో వారి నెట్‌వర్కింగ్ పరీక్ష. దీన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. గట్టి పరీక్షే. 1998 నుంచి ఉంది. 2020 ఫిబ్రవరిలో సిలబస్ మొత్తం మార్చి, అన్ని దారులనూ ఒకే పరీక్షలోకి తెచ్చారు. 120 నిమిషాలు. 300 డాలర్లు, పన్ను వేరే. ఒక ప్రశ్న దాటితే మళ్లీ వెనక్కి రాలేరు. ఎన్ని మార్కులకు పాసో సిస్కో ప్రకటించదు. ప్రశ్నలతో పాటు ఆ గీత కూడా మారుతుంటుంది కాబట్టి చెప్పమంటుంది. పరీక్ష పెట్టినవాడే చెప్పని మార్కు మన ఇన్‌స్టిట్యూట్‌కి మాత్రం ఎలా తెలిసిందో! '1000కి 950 గ్యారంటీ' అని ద్వారం మీదే రాసుంటుంది.

ద్వారం దాటి లోపలికి రండి. ఉదయం ఏడు గంటల బ్యాచ్. కుర్చీలకంటే తలలెక్కువ. వెనక వరుసకి బోర్డు కనపడదు, మైకు వినపడుతుంది. సార్ 192.168.10.0/26 అని రాస్తారు. కింద 255.255.255.192. మొత్తం 64 అడ్రసులు, వాడుకోడానికి 62. రాసుకోండి.

వెనక నుంచి ఓ గొంతు లేస్తుంది. "సార్, మిగతా రెండూ ఏమైనయ్?"

సార్ నవ్వుతారు. "అది ఎగ్జామ్‌కి రాదు తమ్మీ. ఫార్ములా రాస్కో. మైనస్ టూ."

అయిపోయింది. ఆ రెండింటిలో మొదటిది ఆ నెట్‌వర్క్‌కే చిరునామా, చివరిది అందరికీ ఒకేసారి కేకేసే బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? టీ తాగేంత సేపు కూడా పట్టదు. ఆ కాస్త టైమూ మిగిల్చారు సార్. ఏడాది తిరిగాక అదే తమ్మీ ఎక్కడో ఓ చిన్న ఆఫీసులో, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకున్న ఉత్సాహంలో, కొత్త ప్రింటర్‌కి 192.168.10.63 ఇస్తాడు. పనిచేయదు. మళ్లీ కొడతాడు. చేయదు. కేబుల్ మారుస్తాడు. స్విచ్చి ఆపి వేస్తాడు. ప్రింటర్ వాపస్ పంపిస్తాడు. కొత్త ప్రింటర్ వస్తుంది, అదీ మొరాయిస్తుంది. చివరి అడ్రస్‌ని యంత్రానికి ఇవ్వకూడదని వాడికెవరు చెప్పారు? మైనస్ టూ మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఇంతకీ వాడు పాసెలా అయ్యాడంటారా? అక్కడికే వస్తున్నా. పరీక్షకు పది రోజుల ముందు సార్ గొంతు తగ్గుతుంది. "గ్రూపులో ఫైల్ పెట్టిన. సూస్కోండి." ఆ ఫైలే డంప్. పరీక్ష రాసొచ్చినవాళ్లు గుర్తుపెట్టుకున్నవీ, దొంగతనంగా లాగినవీ పోగేసిన అసలు ప్రశ్నల మూట. కింద జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగుతో సహా దొరుకుతుంది. ఇక చదువంతా అదే. రౌటింగ్ లేదు, స్విచింగ్ లేదు. 'నూట పద్నాలుగో ప్రశ్నకి సి. నూట పదిహేనుకి బి, డి.' ఆ మూటలో తప్పు జవాబులకూ కొదవ లేదు. వాటినీ అంతే భక్తిగా బట్టీ పడతారు. తీరా అసలు పరీక్షలో ఆప్షన్లు తారుమారై వస్తాయి. 'సార్ సి అన్నారు, ఇక్కడ సిలో వేరేదుందేంటి' అని తెల్లమొహం. పైగా ల్యాబ్ ప్రశ్నొకటి. కమాండ్లు కొట్టి చూపించమంటుంది. కమాండ్‌కి ఆప్షన్ సి ఉండదే!

ఇందులో అసలైన హాస్యం వేరే ఉంది. పరీక్ష మొదలవ్వక ముందు తెర మీద ఓ ఒప్పందం వస్తుంది. 'ఈ ప్రశ్నలు ఎవరికీ చెప్పను, బయటపెట్టను' అని. ఒప్పుకుంటేనే పరీక్ష తెరుచుకుంటుంది. డంప్ చదివి వచ్చినవాడు ఒప్పుకుంటాడు. రాసొచ్చి మరో డంప్‌కి నాలుగు ప్రశ్నలు చేర్చబోయేవాడూ ఒప్పుకుంటాడు. దొరికితే సర్టిఫికెట్ రద్దు. ఆపైన నిషేధం. పోయేదెవరిది? పిల్లాడిది. ఫైల్ పెట్టిన సార్ పేరు ఏ ఒప్పందంలో ఉంది? 'గ్రూప్ డిలీట్ చేసిన తమ్మీ' అంటాడంతే.

డంప్ కూడా బరువనిపించేవాళ్లకి పై తరగతి సేవ సిద్ధం. టెలిగ్రామ్‌లో ప్రకటనలుంటాయి, చూసే ఉంటారు. 'మీ పరీక్ష మేం రాస్తాం. పాసయ్యాకే డబ్బు.' ఇంటి నుంచి రాసే పరీక్షకి ఇన్విజిలేటర్ ఎక్కడో కెమెరా వెనక. గది నాలుగు మూలలా ఫొటో తీయించి, ఫోను దూరంగా పెట్టించి, బల్ల మీద కాగితం ముక్క లేకుండా చూస్తారు. ఇన్ని కాపలాల మధ్య కూడా ఈ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉందంటే, దీని వెనక బుర్ర పెట్టినవాడికి నెట్‌వర్కింగ్ బ్రహ్మాండంగా వచ్చి ఉండాలి. ఆ మహానుభావుడే ఏ ఉదయం ఏడు గంటల బ్యాచ్‌కో పాఠం చెబితే ఎంత బాగుండేది!

అమీర్‌పేటనే తిట్టి ఊరుకుంటే అన్యాయం. పిల్లాడు ఇక్కడికి ఎందుకొచ్చాడు? నాలుగేళ్లు ఇంజినీరింగ్ కాలేజీలో కూర్చునే కదా వచ్చాడు? అక్కడేం నేర్పారు? నెట్‌వర్క్స్ సబ్జెక్టు సిలబస్‌లో ఉంది. ల్యాబ్ ఉంది. ల్యాబ్‌కి తాళమూ ఉంది. తాళంచెవి ఉన్న సార్ అడ్మిషన్ల క్యాంపెయిన్‌కి ఊళ్లమీద పడ్డారు. రికార్డు రాస్తే చాలు, అదీ పోయినేడు సీనియర్ రాసినదాన్ని చూసి. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ తనిఖీ ఉందనగానే మాత్రం కాలేజీకి ఒక్కసారిగా సర్టిఫికెట్ కోర్సులు గుర్తొస్తాయి. ఎన్ని కోర్సులు పెట్టారు, ఎంతమంది చేశారని ఫైల్లో గడులుంటాయి మరి. శనివారం ఒక్కపూట సెమినార్ హాల్లో మూడొందలమందిని కూర్చోబెడతారు. చివర్లో గ్రూప్ ఫొటో. గడి నిండింది.

ఆ గడులు చూసి మార్కులు వేసేవాళ్ల ముచ్చటా ఓ మాట. 2025 ఫిబ్రవరిలో, గుంటూరు జిల్లాలోని ఓ విద్యాసంస్థకు మంచి గ్రేడు ఇచ్చేందుకు లంచం తీసుకున్నారన్న కేసులో న్యాక్ తనిఖీ బృందం వాళ్లనే సీబీఐ అరెస్టు చేసింది. నగదుతో పాటు ల్యాప్‌టాప్‌లూ స్వాధీనం చేసుకున్నామంది. తప్పో ఒప్పో కోర్టు తేలుస్తుంది. కానీ రాష్ట్రమంతా పిల్లలు 'ల్యాబ్‌లో సిస్టమ్స్ లేవు సార్' అని మొత్తుకుంటుంటే, ల్యాప్‌టాప్‌లు ఏ దారిన పోతున్నాయన్న అనుమానం మీకు రాలేదా?

ఇప్పుడు కంపెనీల దగ్గరికి. వీళ్ల మాటలు తేనె. 'మాకు డిగ్రీ కాదు, నైపుణ్యం ముఖ్యం' అని ప్రతి సదస్సులోనూ సెలవిస్తారు. ప్రకటన చూడండి: 'ఫ్రెషర్లు కావలెను. అనుభవం రెండేళ్లు.' అనుభవమున్న ఫ్రెషరెవడో వాళ్లకే తెలియాలి. రెజ్యూమెలో సర్టిఫికేషన్ లేకపోతే హెచ్ఆర్ మేడమ్ ఆ కాగితం పైకి పంపరు. ఉంటే పంపుతారు, పైనున్న మేనేజర్ పెదవి విరుస్తాడు. "ఈ సర్టిఫికేషన్లు ఎవడైనా కొడతాడోయ్, డంపులున్నాయిగా." అదే మేనేజర్ ప్రాజెక్టు లేక బెంచి మీదున్న పాతికమందికి సోమవారం మెయిల్ పెడతాడు: శుక్రవారంలోగా అందరూ క్లౌడ్ సర్టిఫికేషన్ పాసవ్వాలి. ఎందుకా తొందర? ఫలానా క్లౌడ్ కంపెనీ పార్ట్‌నర్ హోదా కావాలన్నా, ఉన్నది నిలుపుకోవాలన్నా ఇంతమంది సర్టిఫైడ్ ఉద్యోగులుండాలని లెక్క. తలలు లెక్కకి కావాలి. నాలుగు రోజుల్లో పాతికమంది పాసవ్వాలంటే వాళ్లేం చదువుతారో ఆయనకి తెలియదూ? మేనేజర్ గారి మెయిలైతే టార్గెట్. పిల్లాడు చదివితే మోసం.

ఇంత చేసి చేరితే జీతమెంత? ఏడాదికి మూడు, మూడున్నర లక్షలు. పదేళ్ల కిందటా అంతే. ఈలోగా హాస్టల్ అద్దె పెరిగింది, పరీక్ష ఫీజు డాలర్‌తో పాటు పెరిగింది, టిఫిన్ ధర పెరిగింది. సర్టిఫికెట్‌కి మూడేళ్లకి గడువు తీరుతుంది, మళ్లీ కట్టాలి. జీతానికి గడువూ లేదు, కదలికా లేదు.

అటు పరీక్షలు అమ్మే దొరలూ తక్కువేం తినలేదు. కాంప్టియా అని ఓ సంస్థ. 1993 నుంచి ఏ ప్లస్ అనే పరీక్ష పెడుతోంది. కంప్యూటర్ విప్పి బాగుచేసేవాళ్లకి తొలిమెట్టు అది. రెండు పేపర్లు, రెండింటికీ వేరువేరుగా ఫీజు. లాభాపేక్ష లేని సంఘంగానే ఇన్నేళ్లూ చెప్పుకుంది. 2024 నవంబరులో ఆ పరీక్షల వ్యాపారాన్నీ, పేరునీ రెండు ప్రైవేట్ ఈక్విటీ సంస్థలకి అమ్ముతున్నట్టు ప్రకటించి, 2025 మొదట్లోనే అప్పగించేసింది. విద్యాదానం అమ్మకానికి పోయింది. దానం చేసే వస్తువుకి అంత గిరాకీ ఉంటుందని మనకేం తెలుసు? మన దగ్గర అదే ఏ ప్లస్‌ని ఒక్క స్క్రూడ్రైవర్ కూడా చేతికివ్వకుండా పీపీటీలో నేర్పేస్తారు. ర్యామ్ ఎలా ఉంటుందో బొమ్మలో చూశాడు పిల్లాడు. చాలదా?

సర్కారు వారి సంగతి రెండు ముక్కల్లో. 2015 జులై 15న స్కిల్ ఇండియా అన్నారు. అటు ఏపీలో స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, ఇటు తెలంగాణలో టాస్క్, 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ. పేర్లకి లోటు లేదు. ఎంఓయూ, శాలువా, ఫొటో. వచ్చే ఏడాది అదే కంపెనీతో కొత్త ఎంఓయూ, కొత్త శాలువా. నేర్చుకున్నవాళ్లెందరు అంటే నమోదైనవాళ్ల సంఖ్య చెబుతారు. నమోదైతే నేర్చుకున్నట్టేనా? అయితే ఓటరు జాబితాలో పేరున్నవాళ్లంతా ఎమ్మెల్యేలా?

అయితే అదే అమీర్‌పేటలో, అవే ఇరుకు మెట్ల మీద, మూడో అంతస్తులో పదిహేనుమందికి మించి చేర్చుకోని సార్లు ఉన్నారు. డంప్ అడిగితే బయటికి పొమ్మంటారు. పాత రౌటర్లు నాలుగు కొనుక్కొచ్చి, పొద్దున్నే వాటిని కావాలనే చెడగొట్టి, 'సాయంత్రంలోగా ఎక్కడ పోయిందో కనుక్కోండి' అని వెళ్లిపోతారు. వాళ్ల పిల్లలు పరీక్ష రాస్తే పాసవుతారు, రాయకపోయినా పని దొరుకుతుంది. వాళ్లకి ఫ్లెక్సీ ఉండదు. లిఫ్టు కూడా ఉండదు. అందుకే మీకు తెలియదు.

కాబట్టి తమ్మీ, చెల్లీ, రేపు మూడు రోజుల ఫ్రీ డెమోకి ఎలాగూ వెళ్తారు. వెళ్లండి. ఏసీ చల్లగా ఉంటుంది, సార్ జోకులు బాగుంటాయి, పోయినేడు 'సెలెక్ట్' అయినవాళ్ల ఫొటోలు గోడనిండా ఉంటాయి. మూడో రోజు మేడమ్ వచ్చి, 'ఇవాళ కడితే డిస్కౌంట్, రేపటికి సీట్లుండవు' అంటారు. అప్పుడు ఒక్క మాట అడగండి. "మేడమ్, మేం చేయి పెట్టి నేర్చుకోడానికి ఇక్కడ రౌటర్ ఉందా?"

"వైఫై ఉంది బాబూ. పాస్‌వర్డ్ ఫీజు కట్టాక ఇస్తాం."