బీరులో చక్కెరకేళీ

బీరులో అరటిపండు వాసన పట్టలేకపోయాడని ఒక మనిషిని అంత జాలిగా చూడొచ్చా? పోయిన ఆదివారం నుంచి నన్నిదే తొలిచేస్తోంది.

మా బావమరిది పుణ్యం. "ఎన్నాళ్లు బావా ఆ సీసా బీరే? ఫ్రెష్‌ది తాగి చూడు" అని అమీర్‌పేటలో మెట్రో ఎక్కించి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దింపాడు. 2015లో సర్కారు మైక్రోబ్రూవరీలకు తలుపు తీశాక అటువైపు వెలిసినవాటిలో ఒకటి. అద్దాల వెనక స్టీలు ట్యాంకులు, చెవులు చిల్లులుపడే పాటలు, చీకట్లో మెనూ.

బీరు కంటే ముందు పాఠం వచ్చింది. వెయిటర్ కుర్రాడు చెక్క ట్రేలో ఆరు బుల్లి గ్లాసులు పెట్టి, "ఇది హెఫెవైజెన్ సార్. ముందు స్మెల్ చూడండి. బనానా, లవంగం నోట్స్ వస్తాయి. పండేం వెయ్యం సార్, అంతా ఈస్ట్ పనే" అన్నాడు.

చూశాను. బీరు వాసనొచ్చింది.

"ఇంకోసారి చూడండి సార్" అన్నాడు జాలిగా.

డెమో క్లాసంటే ఏమిటో అమీర్‌పేటవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. మైత్రీవనం ముందు కూరగాయల సంచీతో నడిచినా చేతిలో కోచింగ్ పాంప్లెట్ పెడతారు. జావా, ఒరాకిల్, శాప్, డెవాప్స్, ఇప్పుడు ఏఐ. మూడు రోజులు ఫ్రీ. "అర్థమైందా?" అంటే హాలంతా తలూపుతుంది. అర్థం కానివాడు ఇంకాస్త గట్టిగా ఊపుతాడు. నాలుగో రోజు ఫీజు. ఒకసారి నేనూ సత్యం థియేటర్ పక్కకి చింతపండు కోసం వెళ్లి, ఏసీ ఉంది కదాని ఓ డెమోలో కూర్చుని, డేటా వేర్‌హౌసింగ్ మొత్తం విని, ఉత్త చేతుల్తో ఇంటికొచ్చాను. ఆ పూట చారు లేదు. ఇంట్లో జరిగిన క్లాసు మాత్రం డెమో కాదు, ఫుల్ కోర్సు. ఆ సత్యం థియేటరూ పోయి 2023లో అక్కడ అల్లు అర్జున్ మల్టీప్లెక్సు వచ్చింది గానీ, మా ఆవిడ ఆ చింతపండు మర్చిపోలేదు.

కాబట్టి అనుభవం కొద్దీ తలూపాను. "ఆఁ వచ్చింది బాబూ, చక్కెరకేళీ" అన్నాను. కుర్రాడు పొంగిపోయాడు. మా బావమరిది అమృతపాణి అని వాదనకు దిగాడు.

తర్వాత ఐపీఏ. ఇండియా పేల్ ఏల్. ఓడలో ఇండియాకొచ్చేలోపు పాడవకుండా హాప్స్ దట్టించేవారట. తాగింది ఇక్కడి దొరలు, పేరు మన దేశానిది, చేదు నాది. ఏ గ్లాసుతో ఏ ముక్క తినాలో అతను చెప్పడం పూర్తయ్యేసరికి అపోలో ఫిష్ చల్లారిపోయింది. ఆరు గ్లాసులూ కలిపినా ఓ సీసాడు కాలేదు. బిల్లులో తిండికి జీఎస్టీ, బీరుకి వ్యాట్, ఆపైన సర్వీస్ చార్జీ. ట్యూషన్ ఫీజు కాబోలు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అన్నాను కార్డిస్తూ.

"ఇక్కడే సార్, వారం ట్రైనింగ్. అంతకుముందు అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ చేశా. ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటున్నా. ఇంటర్వ్యూలు అవుతున్నాయి సార్."

ఇంట్లోవాళ్లకి మాత్రం కంపెనీలో చేస్తున్నానని చెప్పాడట. నేను చదవకుండా పారేసే పాంప్లెట్లను జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్న పిల్లలు ఆ ఫుట్‌పాత్ మీద నా పక్కనుంచే ఎందరు నడిచారో. వాళ్లు నేర్చుకున్న కోర్సుల పేర్లన్నీ నాకు నోటికొచ్చు. ఏ ఒక్కడి పేరూ తెలియదు.

సర్వీస్ చార్జీ ఇవ్వాలని రూలేం లేదు, తీయించేద్దామన్నాడు మా బావమరిది. ఉండనీ అన్నాను. అది ఆ కుర్రాడిదాకా వెళ్తుందో, ఓనరు దగ్గరే ఆగిపోతుందో బిల్లులో ఎక్కడా రాసి లేదు.