నిర్దోషమైన పట్టిక

గురుగ్రామ్ సైబర్ సిటీ అద్దాల మేడలలోను, నోయిడా సెక్టార్ 62 కార్యాలయములలోను మాసాంతమున జరుగు క్రతువొకటి కలదు. ఫరీదాబాదు, గాజియాబాదు, సోనీపత్, మేరఠ్, అల్వర్ శాఖలవారు పంపిన అమ్మకపు ఫైళ్ళన్నిటిని నివేదికలు కూర్చు ఎం.ఐ.ఎస్. గుమాస్తా యొక ఫోల్డరులో పోసి, ఎక్సెల్‌లోని పవర్ క్వెరీని ఆవాహన చేసి, ఏకపట్టికగా సంధింపగా, ఇన్ని వరుసలు చేరినవనియు, అందు ఇన్ని ఎర్రర్లు కలవనియు ప్రక్కన నొక చిన్న పంక్తి ప్రత్యక్షమగును. ఆ ఎర్రర్లు ఏ శాఖవారి ఫైలునుండి దిగుమతియైనవో విచారించుట అనాగరికమని తలంచి, ఆ మహానుభావుడు 'రిమూవ్ ఎర్రర్స్' అను మీటను నొక్కును. పట్టిక నిర్మలమగును, సాహెబు ప్రసన్నుడగును, చాయ్ వచ్చును.

ఈ మీట తొలగించునది దోషమును కాదు, దోషము తగిలిన వరుసను. గాజియాబాదు గుమాస్తా, అంకెలు తప్ప మరేమియు నుండరాని గడిలో '1,25,000/- ఓన్లీ' అని భక్తిశ్రద్ధలతో వ్రాసెననుకొందము. అది సంఖ్యగా మారనేరక ఎర్రరగును. మీట నొక్కగనే ఆ లక్షా యిరువదియైదు వేలును, వానిని చెల్లించిన ఖాతాదారును, బిల్లు సంఖ్యయు ఏకకాలమున పరమపదించును. జ్వరము తగ్గని రోగుల పేర్లను రిజిస్టరునుండి కొట్టివేసి, తన ఆస్పత్రిలో జ్వరమే లేదని చాటించు వైద్యునకును, ఈ నిపుణునకును భేదమేమి? ఇట్టి మాయము మన సొత్తేయని గర్వింప నక్కరలేదు. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థవారు ప్రయోగశాలల ఫలితములను 65,536 వరుసలకు మించి పట్టని పాత ఎక్సెల్ ఫైళ్ళలో నింపబోగా, 15,841 కోవిడ్ కేసులు సకాలమున లెక్కకు రాకపోయినవి. అయినను, వారు గమనింపలేదు. మనవారు గమనించియే తుడుతురు.

పోనీ, దోషిని పట్టుట బ్రహ్మవిద్యయా? ఫైళ్ళను కలుపునపుడే పవర్ క్వెరీ తనంతట తాను 'సోర్స్.నేమ్' అను కాలమ్‌ను ముందు నిలిపి, ప్రతి వరుసకును అది పుట్టిన ఫైలు పేరు వ్రాసి పెట్టును. క్వెరీకి నకలు తీసి 'కీప్ ఎర్రర్స్' అనినచో, దుష్టమైన వరుసలు మాత్రమే తమ తమ ఫైళ్ళ పేర్లతో సహా చేతికి చిక్కును. షీటు పేరు మార్చుటచేత ఫైలే మొత్తముగా విరిగినచో, ఒకటి రెండు మెట్లు వెనుకకు పోయి చూచిన ఆ ఫైలు పేరున కెదురుగనే ఎర్రర్ కనబడును. కాని మన నిపుణుడు మొట్టమొదట తొలగించునది, పట్టిక అందము చెడునని, ఆ పేర్ల కాలమ్‌నే. (ఎవరైన ఫైలును తెరచి యుంచినచో, తరంగచిహ్నముతోను డాలరు గుర్తుతోను మొదలగు నీడఫైలొకటి ఫోల్డరులో దాగి ఒక్కొక్కప్పుడు క్వెరీని చెరుపును. ఆ తెరచినవారు సాహెబుగారే యైనపుడు విచారణపట్ల గల విముఖత క్షమింపదగినదే.)

ఈ యూళ్ళ చెంతనున్న ఢిల్లీలో శీతకాలము రాగానే 'ఈ పొగ యెవరిది?' అను వివాదము మొదలగును. వీధిధూళి వంతెంత, వాహనముల వంతెంత, తగులబెట్టిన గడ్డి వంతెంత యని ఐ.ఐ.టి. కాన్పూర్ వారు 2016లోను, టెరి, ఏ.ఆర్.ఏ.ఐ. అను పరిశోధన సంస్థలవారు 2018లోను లెక్కలు గట్టిరి. ప్రభుత్వములు పరస్పరము నిందించుకొన్నను, పొగకు జన్మస్థానముండునని మాత్రము అందరును అంగీకరింతురు. ఆ పొగలోనే దగ్గుచు మెట్రో యెక్కి వచ్చిన మన గుమాస్తా, పట్టికలోని దోషమునకు జన్మస్థానము వెదకుమనిన, 'టైమ్ నహీ హై జీ' యనును.

పవర్ క్వెరీని నిర్మించినవారును తక్కువవారు కారు; ఎర్రర్లున్న ఫైళ్ళను దాటవేయుటకు టిక్కు పెట్టు గడియొకటి ముందే అమర్చి యుంచిరి.

ఇంతకంటె అద్భుతము తేదీల లీల. ఫరీదాబాదు శాఖవారు మే నెల సి.ఎస్.వి. ఫైలులో మన వాడుక ప్రకారము దినము ముందు, నెల వెనుక వ్రాసిరి. మన గుమాస్తా పవర్ క్వెరీ మాత్రము అమెరికా పద్ధతిలో నెల ముందుగా చదువుచున్నది. 13/05 మొదలు 31/05 వరకు గల తేదీలు, పదమూడవ నెల లోకమున లేదు గనుక, ఎర్రర్లై తుడిచివేతకు గురియగును. 01/05 మొదలు 12/05 వరకు గలవి కిక్కురుమనక జనవరి 5, ఫిబ్రవరి 5, అట్లే క్రమముగా డిసెంబరు 5 గా అవతరించును. (మే 5 ఒక్కటి యాదృచ్ఛికముగా సత్యము.) మీట నొక్కిన పిమ్మట మిగులునవి ఇవియే. గ్రాఫు గీయగా, ఫరీదాబాదు ప్రజలు, ఇంకను రాని డిసెంబరుతో సహా, ప్రతి నెలా 5వ తేదీననే సరకు కొనుచున్నట్లు తేలును. అంతట కన్సల్టెంటొకడు లేచి, జీతములు చేతి కందు సమయమది గనుక ఆ దినమున అదనముగా సేల్స్‌మెన్‌ను నియమింపవలెనని గంభీరముగా సలహా యిచ్చును.