లాస్ట్ ఎంత?

నమస్కారం లేదు, ఊరూ పేరూ లేదు. ఫోన్‌లో అమ్మకానికి సైకిలు ఫొటో పెట్టిన పదకొండు రోజుల్లో ఈ వ్యాసకర్తకు ‘లాస్ట్ ఎంత?’ అన్న ప్రశ్న నలభై మూడు సార్లు వచ్చింది. ఫస్ట్ ఎంతో ఎవరికీ పట్టలేదు. ఒకాయన మరీ పొదుపరి, ‘లా?’ అని ఊరుకున్నాడు. న్యాయశాస్త్రం గురించి అడుగుతున్నాడేమోనని వ్యాసకర్త కాసేపు తికమకపడ్డాడు.

సరుకు 1968 నాటి నల్ల అట్లాస్. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెలగని డైనమో లైటు. ఉన్నది పర్చూరులో, వేపచెట్టు కింద. అంతవరకు బాగానే ఉంది గానీ, ఫోన్ ‘జిల్లా?’ అని అడిగిన చోట చిక్కొచ్చింది. కొన్నప్పుడది గుంటూరు జిల్లా సైకిలు. 1970లో ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. స్టాండు తీయకుండా నాలుగు జిల్లాలు చూసిన బండి. ఈ ముచ్చటంతా వ్యాసకర్త వివరంగా రాసి పెడితే, చీరాల నుంచి ఒక కుర్రాడి జవాబు: “బాగా తిప్పినట్టున్నారుగా అంకుల్. లాస్ట్ ఎంత?”

ఇక లోపం సంగతి. షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడి దుమ్మూ తుప్పూ చేరి ఫ్రీవీల్ పట్టేసింది. అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. వాలులో కాళ్లు ఆపి దర్జాగా కూర్చుందామంటే కుదరదు, సైకిలే మనిషిని తొక్కుతుంది. “కొత్త ఫ్రీవీల్ వేస్తే సరిపోద్ది బాబాయ్, గంట పని” అన్నాడు సైకిల్ షాపతను. వ్యాసకర్త ససేమిరా అన్నాడు. అప్పటికే ఆయన ఇంగ్లండు సంగతులు చదివి చెడిపోయి ఉన్నాడు.

అక్కడ కాళ్లకు తీరిక లేని ఈ బండిని ‘ఫిక్స్‌డ్ గేర్’ అని పేరు పెట్టి, కావాలని తయారుచేసి, డబ్బిచ్చి మరీ కొంటారు. దానిమీద గడియారంతో పందెం వేస్తారు, దాని పేరు టైమ్ ట్రయల్. పుట్టుకే తమాషా. రోడ్లమీద గుంపుగా పందేలు తొక్కితే పోలీసులతో తంటా అని అక్కడి సైక్లిస్టుల సంఘమే వాటిని మాన్పించింది. దాంతో బిడ్‌లేక్ అనే పెద్దమనిషి 1895లో ఒక ఉపాయం పన్నాడు. అందరూ కలిసి వద్దు, ఒకడి తర్వాత ఒకడు విడివిడిగా బయల్దేరండి, ఎవరికెంతసేపు పట్టిందో గడియారం చెబుతుంది అన్నాడు. తెల్లారకముందే మొదలు. నల్ల బట్టలు. రోడ్డు పేరు బయటికి పొక్కకుండా దానికో రహస్య సంకేతం. మన వైపు సంక్రాంతి కోడిపందేల బరికి కూడా ఇంత కట్టుదిట్టం ఉండదు. తేడా ఒక్కటే, అక్కడ కోడి బదులు గుమాస్తాలూ బడిపంతుళ్లూ దిగేవాళ్లు.

వాళ్లలో రే బూటీ అని కళ్లద్దాల మనిషి ఒకడు. 1956 ఆగస్టు 6న ఒకే ఒక్క ఫిక్స్‌డ్ గేరు మీద వంద మైళ్లు 3 గంటల 58 నిమిషాల 28 సెకన్లలో తొక్కేశాడు. ఆ దూరాన్ని పందెంలో నాలుగు గంటల లోపు తొక్కిన మొదటివాడు. గుంటూరులో బయల్దేరితే ఒంగోలే కాదు, సింగరాయకొండ కూడా వెనకబడిపోయే దూరం. వ్యాసకర్త వెంటనే కిందకి వంగి పళ్లు లెక్కపెట్టాడు. ముందు 44, వెనక 18. చక్రం కొలతతో హెచ్చించి భాగిస్తే గేరు అరవై ఎనిమిది అంగుళాలు తేలింది. బూటీది ఎనభై నాలుగు. మరీ పెద్ద తేడా ఏం కాదని, వరండాలో మజ్జిగ తాగుతూ, ఆయన నిర్ధారణకొచ్చాడు. ప్రకటనలో ‘ఫ్రీవీల్ పట్టేసింది’ కొట్టేసి ‘అరుదైన ఫిక్స్‌డ్ గేర్’ అని రాశాడు. “అదేంటండీ, నిన్నటిదాకా రిపేరుగా?” అంది భార్య.

పక్కింటాయన గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఆయన సైకిలు చూడలేదు, శాంపిల్ తీశాడు. మడ్‌గార్డు గీకి, ఆ పొడి వేళ్లమధ్య నలిపి, వాసన చూసి, “తేమ తగిలింది. తాలు ఎక్కువ” అన్నాడు. పైగా ఓదార్పు: “కాయకే రేటు లేదు మాస్టారూ, తుప్పుకేం వస్తది?” నిజమే. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటా మిర్చికి 11,781 రూపాయలని ప్రకటించింది. చివర ఆ ఒక్క రూపాయి కోసం ఎన్ని ఫైళ్లు కదిలాయో! మిర్చి అయినా పత్తి అయినా, సొంత సరుకుకు సొంత నోటితో రేటు చెప్పుకునే యోగం ఈ నల్లరేగడి మీద ఎవడికీ లేనట్టుంది. పండించినవాడు నిలబడాలి, కొనేవాడు నలిపి చూడాలి. మరి సైకిలు కొనేవాడు మర్యాదగా మాట్లాడలేదని ఉడుక్కోవడం దేనికి?

అట్లాస్ కంపెనీకే మర్యాద జరగలేదు. 1951లో సోనీపత్‌లో పుట్టిన ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం.

పన్నెండో రోజు పాత ఇనుప సామానువాడు వచ్చాడు. అతనొక్కడే లాస్ట్ అడగలేదు, కాటా వేశాడు. ఇరవై రెండు కిలోలు, కిలో ముప్పై, మొత్తం ఆరొందల అరవై.

ఆ అంకె వినగానే వ్యాసకర్తకు నాన్న గుర్తొచ్చాడు. 1987లో పత్తికి తెల్లదోమ పట్టింది. మందు కొట్టేకొద్దీ దోమను తినే పురుగులు చచ్చాయి, దోమ బతికింది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రైతులు ఆ మందే తాగి పోయారు. వ్యాసకర్త నాన్న ఈ సైకిలు క్యారేజీకి డబ్బాలు కట్టుకుని, అరువు మీద, మళ్లీ మళ్లీ తెచ్చాడు. ఎండాకాలానికి ఎడ్లు అమ్మాడు, అమ్మ గాజులు అమ్మాడు. సైకిలు అమ్మలేదు. చాలా ఏళ్ల తర్వాత కొడుకు కారణం అడిగితే, “దానికెంతొస్తదిరా” అన్నాడు. అది సైకిలు మీద ప్రేమ, పైకి చెప్పలేక అట్టా అన్నాడని వ్యాసకర్త ఇన్నాళ్లూ అనుకున్నాడు. కాటా చూశాక, అది ఉత్త లెక్కేనేమోనని అనుమానం పట్టుకుంది.

ఇనుప సామానువాణ్ణి రేపు రమ్మన్నాడు. రాత్రి ఫోన్ మోగింది. నలభై నాలుగోది. వ్యాసకర్త ఒక అంకె కొట్టి, చెరిపి, ఇంకో అంకె కొట్టి, అదీ చెరిపి, చివరికి ఇట్టా పంపాడు: “వచ్చి తొక్కి చూడండి. కాళ్లు మాత్రం ఆపొద్దు, పెడలు పిక్కకు తగుల్తది.”