నాలోంచి వెళ్లిన బరువులు

నా పేరు బిగ్ సావేజ్. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు దక్షిణపు అంచున, మేరీలాండ్ సరిహద్దుకి రెండు మైళ్ల లోపే, అలెఘనీ కొండల వరసలో సావేజ్ అనే కొండ ఉంది. ఆ కొండలో ఈ వైపు నుంచి ఆ వైపుకి 3,294 అడుగులు, అంటే ఇంచుమించు కిలోమీటరు పొడవున తొలిచిన సొరంగాన్ని నేను. 1736లో సర్వేకి వచ్చిన సావేజ్ అనే మనిషి పేరే ఈ కొండకి పెట్టారని చెబుతారు. మంచులో చిక్కి ఆకలితో ప్రాణాలు పోయేలా ఉన్న తన జట్టుకి తన ఒంటినే తిండిగా ఇస్తానన్నాడట. ఈలోగా సాయం అందిందట. ఇతరుల కోసం ఒళ్లు తొలిపించుకున్న నాకు అలాంటి మనిషి పేరు రావడం నచ్చుతుంది.

నన్ను తొలిచింది బొగ్గు కోసం. వెస్ట్రన్ మేరీలాండ్ రైల్వే వాళ్లు కంబర్లాండ్ నుంచి పడమరగా కానెల్స్‌విల్ దాకా కొత్త లైను వేశారు. 1912లో రైళ్లు మొదలయ్యాయి. పడమటి వైపు బొగ్గు ఈ కొండలు దాటి తూర్పున బాల్టిమోర్ రేవుకి చేరాలి. ఇంజనుకి ఎంత బలమున్నా, ఇనప పట్టా మీద ఇనప చక్రానికి పట్టు తక్కువ. ఎత్తు కాస్త పెరిగితే చాలు, బరువు తగ్గించాలి, లేదా వెనక ఇంకో ఇంజను పెట్టి తోయించాలి. అందుకని ఇంజనీర్లు నదుల వెంట వంపులు తిరుగుతూ, లోయల మీద వంతెనలు కడుతూ, కొండని మెల్లమెల్లగా ఎక్కించారు. నిండు వ్యాగన్లు వచ్చే పడమటి వైపు వాలు నూరడుగులకి అడుగు కూడా ఉండదు. ఖాళీ వ్యాగన్లు తిరిగొచ్చే తూర్పు వైపు అడుగుముప్పావు దాకా ఉంటుంది. బరువు మోసేవాడికి తేలిక దారి, ఖాళీగా వచ్చేవాడికి కష్టమైన దారి! ఎంత న్యాయమైన లెక్క! ఇక పైకి ఎక్కించడం దండగ అనుకున్న చోట నన్ను తొలిచారు. తొలిచిన కూలీల పేర్లు నా గోడల మీద ఎక్కడా లేవు. ఉండి ఉంటే బాగుండేది.

అరవై ఏళ్లకి పైగా బొగ్గు మోసే బళ్లు నాలోంచి వెళ్లాయి. మొదట ఆవిరి ఇంజన్లు, తర్వాత డీజిళ్లు. లోయలో మాతోపాటే సాగే మరో కంపెనీ లైను ఉండేది. రెండూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాక, ఒకే లోయలో రెండు లైన్లు ఎందుకన్న ప్రశ్న వచ్చింది. 1975లో నా లైను మూతపడింది. పట్టాలు లాగేశారు. అవతలి లైను మీద ఇప్పటికీ గూడ్సు బళ్లు తిరుగుతున్నాయి.

ఆ తర్వాతి ముప్పై ఏళ్లు నాకు నీటితోనే గడిచాయి. సొరంగానికి శత్రువు బరువు కాదు, నీరు. కొండలో ఊరిన నీరు గోడల పగుళ్లలోకి దిగుతుంది. శీతకాలంలో గడ్డ కట్టి ఉబ్బి, పగులుని ఇంకాస్త తెరుస్తుంది. ఎండ వచ్చాక కరిగి లోపలికి జారుతుంది. మర్నాటి రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా రాలింది. రైళ్లు నడిచినన్నాళ్లూ ఎవరో ఒకరు టార్చి పట్టుకుని వచ్చి చూసేవారు. మనిషి రావడం మానేసిన రోజు నుంచే నా క్షయం మొదలైంది.

నేనిలా ఉండగానే, పడమరన ఒహాయోపైల్ దగ్గర, యాకగేనీ నది వెంట ఉన్న పాత లైను గట్టుని 1986లో సైకిలు బాటగా తెరిచారు. తొమ్మిదిన్నర మైళ్లు. పట్టాలు పోయినా గట్టు ఉంది, వాలు ఉంది, వంతెనలు ఉన్నాయి. పైన సున్నపురాయి పొడి పరిచి గట్టిగా దిమ్మిస కొడితే చాలు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ముక్క ముక్కగా జోడిస్తూ వచ్చారు. మేయర్స్‌డేల్ దగ్గర కాసల్‌మన్ నది లోయ మీద 1,908 అడుగుల పొడవున్న సాలిస్‌బరీ వంతెనకి కొత్త నేల వేశారు. అందరికంటే ఎక్కువ ఖర్చూ భయమూ పెట్టింది నేనే. నన్ను దాటకుండా కంబర్లాండ్ చేరే తేలిక దారి ఇంకొకటి లేదు. గోడలు బలపరిచారు, నీరు పోయే దారులు కట్టారు, దీపాలు పెట్టారు. 2006 డిసెంబరుకి బాట నన్ను దాటి కంబర్లాండ్ చేరింది. పిట్స్‌బర్గ్ దగ్గర మిగిలిన చివరి ముక్క 2013లో పూర్తయింది. ఇప్పుడు దీన్ని గ్రేట్ అలెఘనీ పాసేజ్ అంటారు. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా 150 మైళ్లు. టిక్కెట్టు లేదు, మోటారు బండి రాదు.

రైలింజనుకి గీసిన ఆ వాలు మనిషి మోకాలికీ అంతే సరిపోయింది. పిట్స్‌బర్గ్ నుంచి బయల్దేరినవాడు 126 మైళ్లలో పదహారు వందల అడుగులకి పైగా ఎక్కుతాడు, ఎక్కుతున్నట్టే తెలియదు. వెనక చక్రానికి రెండు పక్కలా సంచులు, క్యారియర్ మీద టెంటు, హ్యాండిల్ ముందు మరో సంచి, ఇంత బరువుతో అరవై, డెబ్భై ఏళ్ల వాళ్లు తీరిగ్గా తొక్కుతూ వస్తారు. గేరు తగ్గించి, పెడల్ మీద కాలు ఆగకుండా నడిపించడమే వాళ్ల కిటుకు. వెనక లారీ వస్తోందా అని అద్దంలో చూసుకునే పని లేదు కాబట్టి, చూపంతా అడవి మీదే ఉంటుంది. ఓక్, మేపుల్ చెట్ల నీడ, నది పక్కన రోడోడెండ్రాన్ పొదలు, బాట దాటే లేళ్లు. ఈ వాలు వల్లే చిన్న పిల్లలు కూడా సొంత సైకిళ్ల మీద కొండ దాటుతున్నారు. నాకు ఇది గొప్ప విషయం. కొండలు ఎక్కడం కండబలం ఉన్నవాళ్ల సొత్తుగా ఉండకూడదు.

నాకు మైలున్నర పైచిలుకు పడమరన బాటలో అన్నింటికంటే ఎత్తయిన చోటు, 2,392 అడుగులు. అక్కడ పడమటి వైపు పడిన వాన చివరికి గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరుతుంది, తూర్పు వైపు పడింది అట్లాంటిక్ చేరుతుంది. అక్కడ ఫొటోలు దిగి, కాసేపటికే నా దగ్గరికి వస్తారు. వేసవిలో కూడా నా లోపలికి రాగానే ఒళ్లు జలదరించి జాకెట్టు వేసుకుంటారు. కొందరు పాడతారు, కొందరు కేకలేసి ప్రతిధ్వని వింటారు. ఎక్కువమంది మాట్లాడుకోవడం ఆపేస్తారు.

తెలుగు కూడా నాకు కొత్త కాదు. పిట్స్‌బర్గ్ శివార్లలో పెన్ హిల్స్ గుట్ట మీద 1970లలో కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. ఆ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవు రోజుల్లో సైకిళ్లు కారుకి కట్టుకుని నాకు దగ్గరలోని డీల్ అనే ఊరి దాకా వచ్చి, అక్కణ్నుంచి తొక్కుతారు. ఒకసారి కొడుకు వెంట ఒక పెద్దాయన వచ్చాడు. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ పోయే లైనులో గ్యాంగు పని చేసి రిటైరైన మనిషి. బైలదిల్ల ఇనపరాయిని విశాఖ రేవుకి దించడానికి 1960లలో వేసిన లైను అది. దాని మీద సొరంగాలు ఎన్నో.

నడిమధ్యకి వచ్చాక సైకిలు దిగి నా గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఒరే, నీరు దిగతంది. కాలవేదిరా?"

"పక్కనే ఉంటుంది నాన్నా. పద, చలేస్తోంది."

"ఆగరా. కాలవ పూడిందంటే సొరంగం పనైపోద్ది. వానాకాలమంతా మాకిదే పని."

ఇన్నేళ్లలో వేలమంది నన్ను పొగిడారు. నా ఆరోగ్యం అడిగింది ఆయనొక్కడే. తూర్పు ముఖం దాటి బయటికి వచ్చాక, దిగుతున్న బాట వంక కాసేపు చూశాడు.

"వన్ ఇన్ సిక్స్టీ ఉంటాదిరా."

సరిగ్గా లెక్కగడితే వన్ ఇన్ ఫిఫ్టీ సెవెన్. కంటి చూపుతో అంత దగ్గరగా చెప్పాడు.

నన్ను దాటినవాళ్లలో చాలామంది కంబర్లాండ్‌లో ఆగరు. అక్కడ మొదలయ్యే పాత చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు పట్టుకుని మరో 184.5 మైళ్లు వాషింగ్టన్ దాకా పోతారు. ఆ గట్టు మీద కంచరగాడిదలు నడుస్తూ తాళ్లతో పడవలు లాగేవి. 1924లో పడవలు ఆగాయి. ఆ లోయలో కార్ల రోడ్డు వెయ్యాలన్న ఆలోచన వచ్చినప్పుడు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954లో పత్రికల వాళ్లని వెంటబెట్టుకుని గట్టు పొడవునా నడిచి చూపించాడు. రోడ్డు ఆగింది, 1971లో కాలువ జాతీయ పార్కు అయింది. ఆ దారిలో నాకో అన్న ఉన్నాడు, పాపా సొరంగం, 3,118 అడుగులు. పడవల కోసం 1836లో మొదలుపెట్టి 1850 దాకా తొలిచారు. లోపల కాలువ పక్కన సన్నని గట్టు, దీపాలు లేవు. అక్కడ సైకిలు దిగి నడిపించుకుంటూ పోవడమే మంచిదని నాలోంచి వెళ్లేవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు.

డిసెంబరు మధ్యలో నా రెండు ముఖాలకీ తలుపులు మూస్తారు. లోపలి నీరు గడ్డకట్టకుండా, మళ్లీ పగుళ్లు పెరగకుండా. ఏప్రిల్ మొదట్లో తెరుస్తారు. చలికాలంలో ఈ దారి రావాలనుకునే వాళ్లు ఇది ముందే చూసుకోవాలి. మూసి ఉంటే కొండ మీది రోడ్లెక్కి చుట్టూ తిరిగి పోవాలి, అక్కడ కార్లూ ఉంటాయి, నిటారు ఎత్తులూ ఉంటాయి.

వస్తే పిట్స్‌బర్గ్ వైపు నుంచి రమ్మంటాను. బొగ్గు వచ్చిన వైపు అది, మోకాళ్లకి సుఖం. నా లోపల దీపాలున్నా మీ లైటు మీరు తెచ్చుకోండి, ఎదురొచ్చేవాళ్లకి మీరు కనబడాలి. తూర్పున బయటికి రాగానే లోయంతా కనబడే చోటు ఒకటుంది, అక్కడ ఆగండి. మేసన్, డిక్సన్ గీసిన మేరీలాండ్ సరిహద్దు మైలున్నర కిందే. బ్రేకులు ఒకసారి నొక్కి చూసుకుని దిగండి. ఫ్రాస్ట్‌బర్గ్ మీదుగా కంబర్లాండ్ దాకా ఇరవైరెండు మైళ్లు, తొక్కే పని పెద్దగా ఉండదు.